కొంప ముంచే కొటేషన్ గుర్తు!

గ్యాస్ బండ బుక్ చేస్తారు. కరెంటు బిల్లు కడతారు. పిల్లాడి పరీక్ష ఫలితం కోసం హాల్‌టికెట్ నంబరు కొడతారు. ఇలా మీట నొక్కగానే అలా జవాబు వచ్చేస్తుంది. ‘అంతా కంప్యూటర్ మహిమ’ అనుకుంటాం. నిజానికి తెర వెనక ఇద్దరుంటారు. ఒకరు... మీరు అడిగింది విని ఏం చెయ్యాలో చూసే ప్రోగ్రామ్. రెండోవారు... వివరాలన్నిటినీ పట్టికల్లో దాచిపెట్టి, అడిగినప్పుడు తీసి ఇచ్చే డేటాబేస్.

చిక్కేమిటంటే, ఈ ఇద్దరి భాషా ఒకటి కాదు! ఒకరి మాట మరొకరికి చేరాలంటే మధ్యలో దుబాసీ ఉండాలి. ఆ దుబాసీ తెలివైనవాడైతే సరే. విన్నదల్లా గుడ్డిగా అప్పజెప్పే రకమైతే మాత్రం మన పేరూ, ఫోన్ నంబరూ, బ్యాంకు ఖాతా వివరాలూ ఊరందరి పాలవుతాయి. లక్షలమంది విషయంలో అలా అయింది కూడా. అందుకే ఈ వారం ఆ దుబాసీ గురించి చెప్పుకుందాం. ముఖ్యంగా ‘ఫంక్షనల్’ భాషలు అనే ఓ పాత కుటుంబం, ‘రిలేషనల్’ డేటాబేస్ అనే మరో పాత కుటుంబంతో వియ్యమందడానికి పడిన తిప్పల గురించి.

పక్కపక్క పాఠాలే... కానీ!

స్కూల్లో, ఇంటర్‌లో చదివిన లెక్కలు గుర్తు తెచ్చుకోండి. సమితులు, సంబంధాలు, ప్రమేయాలు... అన్నీ పక్కపక్కనే ఉండేవి. సంబంధాన్ని ఇంగ్లిషులో రిలేషన్ అంటారు. ప్రమేయమేమో ఫంక్షన్. మన రెండు కుటుంబాల ఇంటిపేర్లూ అవే!

ముందు రిలేషన్ సంగతి. మీ వీధి చివర కిరాణా కొట్టు ఉందనుకోండి. శెట్టిగారి దగ్గర రెండు పుస్తకాలు. ఒకదాంట్లో ఖాతా నంబరు, పేరు, వీధి. రెండోదాంట్లో ఖాతా నంబరు, తీసుకున్న సరుకు, బాకీ. ‘గాంధీ వీధిలో అయిదొందలకు మించి బాకీ ఉన్నదెవరు?’ అని అడిగితే ఆయన రెండు పుస్తకాలూ పక్కపక్కన పెట్టి, ఖాతా నంబరు ఆధారంగా జతచేసి పేర్లు చెప్పేస్తాడు. రిలేషనల్ డేటాబేస్ చేసేదీ సరిగ్గా ఆ పనే.

ఈ ఆలోచన ఎడ్గార్ కాడ్‌ది. బ్రిటన్‌లో పుట్టి, రెండో ప్రపంచయుద్ధంలో విమానాలు నడిపి, ఆనక అమెరికా చేరి ఐబీఎంలో పనిచేసిన లెక్కల మనిషి. అప్పటిదాకా కంప్యూటర్లో దాచిన వివరం కావాలంటే అది ఏ మూల ఉందో, అక్కడికి ఏ దారిన వెళ్లాలో ప్రోగ్రామ్ రాసేవాళ్లే చెప్పాల్సి వచ్చేది. ‘దారి మీకెందుకు? అంతా పట్టికల్లో పెట్టండి. ఏం కావాలో మాత్రం అడగండి’ అని 1970లో ఓ వ్యాసంలో ప్రతిపాదించాడు కాడ్. అలా అడగడానికి ఆ సంస్థలోనే డొనాల్డ్ చాంబర్లిన్, రేమండ్ బోయిస్ 1974లో ఒక భాషను తయారుచేశారు. అదే ఇప్పటికీ ప్రపంచమంతా వాడుతున్న ఎస్‌క్యూఎల్. కాడ్‌కు 1981లో ట్యూరింగ్ పురస్కారం దక్కింది.

పిండిమర లాంటి భాష

ఇక ఫంక్షన్ సంగతి. పిండిమరను చూశారుగా... గోధుమలు పోస్తే గోధుమపిండే వస్తుంది. నిన్న పోసినా, నేడు పోసినా అంతే. మర ఆడినంత మాత్రాన మీ ఇంట్లో ఉప్పు డబ్బా జరగదు, పప్పు డబ్బా ఒలకదు. ప్రమేయం అంటే అదే. లోపలికి ఏది వెళ్తే దానికి తగ్గదే బయటికొస్తుంది. ఇంకే మార్పూ ఉండదు.

ప్రోగ్రామ్ మొత్తాన్నీ ఇలాంటి చిన్నచిన్న మరల్ని వరసగా అమర్చినట్టు రాయాలనేది ఫంక్షనల్ భాషల సిద్ధాంతం. దీనికి పునాది 1930ల్లో అలాంజో చర్చ్ అనే గణితవేత్త వేశాడు. 1958లో జాన్ మెకార్తీ మొదలుపెట్టిన లిస్ప్, 1970ల్లో ఎడిన్‌బరోలో రాబిన్ మిల్నర్ బృందం చేసిన ఎంఎల్, 1990లో వచ్చిన హాస్కెల్... అన్నీ ఈ కుటుంబమే. వీటిలో ఎంఎల్, హాస్కెల్ మరీ చాదస్తం మనుషులు. ఇది అంకె, ఇది పేరు, ఇది తేదీ అని ముందే చూసుకుంటాయి. పేరును అంకెతో కలపబోతే ప్రోగ్రామ్ నడవకముందే ‘ఇది కుదరదు’ అని ఆపేస్తాయి.

మరి ఇంత చాదస్తపు భాష రోజూ మారిపోయే డేటాబేస్‌తో ఎలా కాపురం చేస్తుంది? శెట్టిగారి పుస్తకంలో పొద్దున బాకీ 300, సాయంత్రానికి 700. ఒకే ప్రశ్నకు రెండు జవాబులు! ‘అదే పోస్తే అదే రావాలి’ అన్న సూత్రానికే ఇది విరుద్ధం.

దీనికి హాస్కెల్ కనిపెట్టిన ఉపాయం మన పెద్దవాళ్లకు బాగా తెలిసినదే. మడి కట్టుకుని వంట చేసే బామ్మను గుర్తుతెచ్చుకోండి. బయటి వస్తువేదీ నేరుగా వంటగదిలోకి రాదు. గడప దగ్గర ఎవరో తెచ్చిపెడితే ఆవిడ అందుకుంటుంది. హాస్కెల్ కూడా అంతే. డేటాబేస్‌ను అడగడం, ఫైల్ తెరవడం లాంటి ‘బయటి పనుల’కు విడిగా ఒక ముద్ర వేస్తుంది. ఆ ముద్ర లేని చోట బయటి వ్యవహారమే ఉండకూడదు. దాంతో వేల వరసల ప్రోగ్రామ్‌లోనూ డేటాబేస్‌ను ఎక్కడ ముట్టుకుంటున్నామో కళ్లకు కట్టినట్టు తెలిసిపోతుంది.

బాగానే ఉంది. కానీ అసలు ప్రమాదం ఆ గడప మీదే ఉంది!

అతుకుల వాక్యం... లక్షల నష్టం

ప్రోగ్రామ్ ఏ భాషలో రాసినా డేటాబేస్‌ను ఎస్‌క్యూఎల్‌లోనే అడగాలి. చాలామంది చేసే పని ఏమిటంటే, ఆ వాక్యాన్ని ముక్కలుగా రాసిపెట్టుకుని మధ్యలో మీరు కొట్టిన పేరును అతికించడం. తెలుగులో చెప్పుకోవాలంటే ఇలా...

పేరు = ‘రాముడు’ అయినవారి బాకీ చూపించు.

ఇక్కడ కొటేషన్ గుర్తు ఎక్కడ ముగిస్తే అక్కడితో పేరు అయిపోయినట్టు లెక్క. ఇప్పుడు గోవాకు చెందిన ఒకాయన వచ్చి తన ఇంటిపేరు ‘డి’సౌజా’ అని మధ్యలో గుర్తు పెట్టి కొట్టాడనుకోండి. ‘డి’ దగ్గరే పేరు ముగిసిందనుకుని, మిగిలిన ‘సౌజా’ ఏమిటో అర్థంకాక డేటాబేస్ నీళ్లు నములుతుంది. పాపం, ఆయన అమాయకుడు. అదే పని ఓ జిత్తులమారి చేస్తే? పేరు గడిలో ‘రాముడు’ అని రాసి, కొటేషన్ గుర్తు మూసేసి, పక్కనే ‘లేదా 1 = 1’ అన్న అర్థం వచ్చేలా కొడతాడు. అప్పుడు వాక్యం ఇలా మారుతుంది...

పేరు = ‘రాముడు’ లేదా 1 = 1 అయినవారి బాకీ చూపించు.

ఒకటి ఎప్పుడూ ఒకటే కదా! కాబట్టి డేటాబేస్ అందరి లెక్కా తెచ్చి ముందు పోస్తుంది. పేరు రాయాల్సిన గడిలో ఆజ్ఞ రాశాడన్నమాట. దీన్నే ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’ అంటారు. ఈ కిటుకు గురించి జెఫ్ ఫారిస్టల్ అనే భద్రతా నిపుణుడు 1998లోనే ఓ పత్రికలో రాశాడు. 2007లో దీనిమీద ‘ఎక్స్‌కేసీడీ’ అనే కార్టూన్ కూడా వచ్చింది. అందులో ఓ తల్లి కొడుక్కి పెట్టిన పేరులోనే ఆజ్ఞ దాగుంటుంది. ఆ పేరు నమోదు చేయగానే స్కూల్లో విద్యార్థుల పట్టిక మొత్తం చెరిగిపోతుంది!

కార్టూన్ నవ్విస్తుంది. నిజం మాత్రం నవ్వించదు. అమెరికాలో హార్ట్‌ల్యాండ్ అనే చెల్లింపుల సంస్థలోకి దొంగలు ఇదే దారిన చొరబడ్డారు. 2009లో బయటపడ్డ ఆ ఉదంతంలో దాదాపు 13 కోట్ల కార్డుల వివరాలు పోయినట్టు అక్కడి న్యాయశాఖ ఆరోపించింది. ప్రధాన నిందితుడు ఆల్బర్ట్ గొంజాలెజ్‌కు 2010లో 20 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2015 అక్టోబరులో బ్రిటన్ టెలిఫోన్ సంస్థ టాక్‌టాక్ వంతు. 1,56,959 మంది వినియోగదారుల వివరాలు చేజారాయి. వారిలో 15,656 మంది బ్యాంకు ఖాతా నంబర్లూ పోయాయి. సంస్థ తాను కొన్న మరో కంపెనీ నుంచి సంక్రమించిన పాత వెబ్ పేజీలను పట్టించుకోకపోవడమే కారణమని తేల్చిన అక్కడి సమాచార కమిషనర్, 2016లో నాలుగు లక్షల పౌండ్ల జరిమానా వేశారు. ‘అవన్నీ పాతకథలు’ అనుకోవద్దు. 2023లో మూవిట్ అనే ఫైళ్ల బదిలీ సాఫ్ట్‌వేర్‌లో ఇదే లోపాన్ని పట్టుకుని రెండువేలకు పైగా సంస్థల సమాచారాన్ని దోచేశారు. కిటుకు తెలిసిన పాతికేళ్ల తర్వాత కూడా!

అచ్చువేసిన చలానా

దీనికి మొదటి మందు చాలా తేలిక. బ్యాంకులో చలానా చూశారుగా. అక్షరాలన్నీ ముందే అచ్చయి ఉంటాయి. మీ పేరుకు ఒక గడి. ఆ గడిలో ‘లక్ష రూపాయలు ఇచ్చేయండి’ అని రాసినా గుమాస్తా దాన్ని మీ పేరనే అనుకుంటాడు తప్ప డబ్బు ఇవ్వడు. అలాగే ప్రశ్నను ఖాళీ వదిలి ముందు పంపాలి. పేరును విడిగా పంపాలి. అప్పుడు అందులో ఎన్ని కొటేషన్ గుర్తులున్నా అది పేరే. ఈ సౌకర్యం దాదాపు ప్రతి కంప్యూటర్ భాషలోనూ ఉంది. వాడాలంతే.

కానీ మనిషి మనిషే. వంద చోట్ల చలానా వాడి, నూటొకటో చోట తొందరలో అతికించేస్తాడు. పైగా ఆ వాక్యం ప్రోగ్రామ్ కళ్లకు ఉత్త అక్షరాల మూట. అందులో ‘వీధి’కి బదులు ‘విధీ’ అని తప్పు రాసినా, బాకీని పేరుతో పోల్చినా దానికి తెలీదు. అన్నీ ముందే చూసుకునే హాస్కెల్ సైతం ఆ మూట విప్పి చూడదు. తప్పు బయటపడేది అసలు వాడకంలోనే... అది కూడా ఏ పండగ రద్దీలోనో!

అక్కడే ఫంక్షనల్ భాషలవాళ్లకు ఓ ఆలోచన వచ్చింది. ‘అసలు అక్షరాల్లో ఎందుకు రాయాలి? ప్రశ్నను మన భాషలోనే అడుగుదాం. ఎస్‌క్యూఎల్‌లోకి మార్చే పని యంత్రానికి ఒప్పజెబుదాం.’

దానికి సాయపడింది కూడా స్కూలు లెక్కే. సమితి నిర్మాణ రూపం! ‘ఫలానా లక్షణం ఉన్న అన్నిటి సమితి’ అని రాసేవాళ్లం కదా. కొన్ని ఫంక్షనల్ భాషల్లో అలా రాసే వీలు అప్పటికే ఉంది. శెట్టిగారి ప్రశ్ననే అందులో అడిగితే ఇలా ఉంటుంది... ‘ఖాతా పుస్తకంలోని ప్రతి క, బాకీ పుస్తకంలోని ప్రతి బ తీసుకో. రెండిటి నంబరూ ఒకటే అయి, క ఉండేది గాంధీ వీధి అయి, బ మొత్తం 500 దాటితే, క పేరు చెప్పు.’ డేటాబేస్ ప్రశ్నలను ఇలా రాయొచ్చనీ, అవి వేగంగా నడిచేలా దిద్దుకోవచ్చనీ ఫిల్ ట్రిండర్, ఫిలిప్ వాడ్లర్ 1989లో చూపించారు.

ఇలా రాస్తే లాభమేమిటంటే, ప్రశ్న ఇక అక్షరాల మూట కాదు. ప్రోగ్రామ్‌లో భాగం. వీధిని 500తో పోలిస్తే రాసేవాడి బల్ల మీదే తప్పు పట్టుబడుతుంది. లేని గడి పేరు రాస్తే అక్కడే ఆగిపోతుంది. ఇక వినియోగదారుడు కొట్టిన పేరు ఎప్పటికీ పేరే. అది ఆజ్ఞగా మారే దారే ఉండదు. జాగ్రత్తపడాల్సింది మనిషి కాదు, దుబాసీయే!

జవాబు లేదన్న ప్రశ్నకు జవాబు

ఇదంతా కాగితాల మీది ముచ్చట కాదని రుజువైంది జన్యుశాస్త్రంలో. మానవ జన్యుపటాన్ని తయారుచేసే మహాయజ్ఞం 1990లో మొదలైంది. ఏ జన్యువు ఏ క్రోమోజోములో ఎక్కడుందో చెప్పే వివరాలు ఒక రిలేషనల్ డేటాబేస్‌లో ఉండేవి. జన్యువుల అక్షరక్రమమేమో జెన్‌బ్యాంక్ అనే మరోచోట, మరో రూపంలో. రెండూ కలిపి అడగాలంటే తలప్రాణం తోకకొచ్చేది. ‘ఫలానా క్రోమోజోములోని ఫలానా భాగంలో ఉన్న ప్రతి జన్యువుకూ, ఇతర జీవుల్లో దాన్ని పోలిన జన్యువులు వెతకండి’ లాంటి ప్రశ్నలకు సమాచారమంతా రిలేషనల్ పట్టికల్లోకి చేరేదాకా జవాబు దొరకదని అమెరికా ఇంధనశాఖ నివేదిక 1993లో తేల్చేసింది.

పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో పీటర్ బునేమన్, సుసాన్ డేవిడ్‌సన్, క్రిస్ ఓవర్టన్, వాల్ టానెన్, లింసూన్ వాంగ్ తదితరులు ఆ మాట ఒప్పుకోలేదు. అక్కడ 22వ క్రోమోజోము మీద పరిశోధన జరుగుతుండేది. వాళ్లు ఎంఎల్ భాషలో క్లైస్లీ అనే దుబాసీని తయారుచేశారు. పరిశోధకుడు సమితి నిర్మాణ రూపం లాంటి వాక్యంలో ఒక్కసారి అడిగితే చాలు. ఏ ముక్క రిలేషనల్ డేటాబేస్‌కు పంపాలో, ఏ ముక్క జెన్‌బ్యాంక్‌ను అడగాలో క్లైస్లీయే విడగొట్టి, వచ్చిన జవాబుల్ని కలిపి ఇచ్చేది. జవాబు లేదనుకున్న ప్రశ్నకు జవాబు దొరికింది! సమాచారాన్ని ఎక్కడికీ తరలించలేదు. మారింది మధ్యవర్తి మాత్రమే.

ఆ తర్వాత 1999లో డాన్ లైయెన్, ఎరిక్ మైయర్ హాస్కెల్‌లోనే రిలేషనల్ డేటాబేస్‌ను తప్పుల్లేకుండా అడిగే పద్ధతి చూపించారు. ఇదే మైయర్ మైక్రోసాఫ్ట్‌లో చేరి, అక్కడివారితో కలిసి ఆ ఆలోచనను సీ షార్ప్ అనే వాడుక భాషలోకి తెచ్చాడు. 2007లో విడుదలైన దాని పేరు లింక్. ఫంక్షనల్ భాష అనే మాటే వినని ప్రోగ్రామర్లు కూడా దాన్ని వాడేశారు.

మన దగ్గరా ఉంది ఉదాహరణ. 2022లో బెంగళూరులో మొదలైన నమ్మ యాత్రి ఆటో యాప్‌ను మన హైదరాబాదీలు ‘మన యాత్రి’ పేరుతో ఎరుగుదురు. దాని వెనక పనిచేసే ప్రోగ్రామ్ హాస్కెల్‌లో రాసిందే. వివరాలు దాచేది పోస్ట్‌గ్రెస్ అనే రిలేషనల్ డేటాబేస్‌లో. రెండిటి మధ్యా దుబాసీ బీమ్ అనే ఉపకరణం. కోడ్‌ను అందరికీ కనిపించేలా పెట్టారు కాబట్టి ఆసక్తి ఉన్న విద్యార్థులు చదువుకోవచ్చు కూడా.

దుబాసీకీ లోపాలున్నాయ్!

అలాగని ఇది సర్వరోగ నివారిణి కాదు. పనికుర్రాణ్ని కిరాణా కొట్టుకు పంపిస్తూ చీటీ రాసిస్తే ఒక్క విడతలో అన్నీ తెస్తాడు. చీటీ లేకుండా ఉప్పుకోసారి, పప్పుకోసారి పంపితే సాయంత్రమవుతుంది. పైకి ముచ్చటగా కనిపించే ప్రశ్నను దుబాసీ ఒక్కోసారి వంద చిన్న ప్రశ్నలుగా మార్చేస్తాడు. ప్రోగ్రామ్ నత్తనడక నడుస్తుంది. కాబట్టి తయారైన ఎస్‌క్యూఎల్‌ను అప్పుడప్పుడైనా చదివి చూసుకోవాల్సిందే. ఇంకోటి... దుబాసీ తన దగ్గరున్న పట్టిక నమూనాను చూసే తప్పొప్పులు చెబుతాడు. ఎవరో అటుపక్క నుంచి అసలు పట్టికనే మార్చేస్తే పాపం తనకేం తెలుస్తుంది? పాస్‌వర్డ్ గోడ మీద రాసిపెట్టుకునే ఆఫీసును ఏ భాషా కాపాడలేదు, అది వేరే సంగతి!

ఇంజినీరింగ్ చదివే పిల్లలున్న తల్లిదండ్రులకు ఓ మాట. ‘ప్రాజెక్టు అయిపోయింది’ అని వాళ్లు కంప్యూటర్ మూసేస్తుంటే ఒక్కసారి ఆపండి. ‘పేరు రాసే గడిలో కొటేషన్ గుర్తు కొడితే ఏమవుతుందిరా?’ అని అడగండి. తెల్లమొహం వేశారంటే పని ఇంకా మిగిలి ఉన్నట్టే. ప్రయోగం మాత్రం సొంత ప్రాజెక్టు మీదే చెయ్యమనండి. ఇంకొకరి వెబ్‌సైట్ మీద సరదాకి చేసినా 2000 నాటి ఐటీ చట్టం కింద చిక్కుల్లో పడొచ్చు. ఆ ఒక్క ప్రశ్నకు సరైన జవాబు తెలిసిన పిల్లలే రేపు మీ కరెంటు బిల్లూ, గ్యాస్ బుకింగూ చూసే ప్రోగ్రాములు రాయాలి మరి!